సిమ్ మార్చాక యూపీఐ యాప్ ‘ఎస్ఎంఎస్ ధ్రువీకరణ విఫలమైంది’ అంటోంది, తీసేసి మళ్ళీ వేయాలా?

మున్నేటి_ఒడ్డు (బుధవారం, ఉదయం 9:10)

ఫోన్ ఆండ్రాయిడ్ 14, రెండు సిమ్‌లు. బ్యాంకులో ఇచ్చిన నంబరు ఒకటో స్లాట్‌లో ఉంటుంది. పాత సిమ్ అరిగిపోయి మాటిమాటికీ ‘నో సిమ్’ అని చూపిస్తుంటే నిన్న మంగళవారం మధ్యాహ్నం అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నాను. సాయంత్రం 5 గంటలకు సిగ్నల్ వచ్చింది. కాల్స్ వెళ్తున్నాయి, నెట్ బాగానే ఉంది.

కానీ యూపీఐ యాప్ తనంతట తానే లాగౌట్ అయింది. నంబరు కొట్టి, సిమ్ ఎంచుకుంటే ‘ఎస్ఎంఎస్ పంపుతున్నాం’ అని ఓ నిమిషం తిరుగుతుంది, తర్వాత ‘ఎస్ఎంఎస్ ధ్రువీకరణ విఫలమైంది’ అంటుంది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ ఇంతే.

ఇంకో రెండు సంగతులు. సిమ్ మార్చకముందు, నిన్న ఉదయం 11 గంటలకు ఎరువుల దుకాణంలో క్యూఆర్ స్కాన్ చేసి 1,850 రూపాయలు కట్టాను. ఖాతాలో కోత పడింది, దుకాణంవాళ్ళకు అందలేదు, యాప్‌లో ‘ప్రాసెసింగ్’ అనే ఉండిపోయింది. రెండోది, అదే యాప్‌లో యూపీఐ లైట్‌లో (పిన్ లేకుండా చిన్న చెల్లింపులు చేయడానికి పెట్టుకునే నిల్వ) 640 రూపాయలు ఉన్నాయి.

అడిగినవాళ్ళంతా యాప్ తీసేసి మళ్ళీ వేయమంటున్నారు. వేయొచ్చా? డబ్బు సంగతి ఏమిటి?

---

కౌంటర్_నాలుగు (ఉదయం 9:42)

తీసేయకండి. ఇప్పుడు తీసి మళ్ళీ వేసినా ఇదే మెట్టు దగ్గర ఆగుతుంది, ఎందుకంటే చిక్కు యాప్‌లో లేదు. మీ కొత్త సిమ్ నుంచి ఎస్ఎంఎస్‌లు ఇంకా బయటికి వెళ్ళడం లేదు.

సిమ్ మార్చినప్పుడు ఆ నంబరుకు 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లు రాకుండా, పోకుండా ఆపాలన్నది టెలికాం శాఖ నిబంధన. కాల్స్, నెట్ మామూలుగానే ఉంటాయి, అందుకే అంతా బాగుందనిపిస్తుంది. ఎవరైనా దొంగ కాగితాలతో మీ నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకుంటే, ఓటీపీలు వాడి చేతికి చిక్కేలోపు అసలు మనిషి మేలుకోవడానికి ఇచ్చిన వ్యవధి అది. మీకు సిగ్నల్ వచ్చింది నిన్న సాయంత్రం 5కి కాబట్టి లెక్క అక్కడి నుంచి వేసుకోండి. స్టోరులో అర్జీ ఇచ్చిన సమయం నుంచి కాదు.

ఈ ఎస్ఎంఎస్ మీద ఇంత పట్టుదల ఎందుకో తెలిస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. యూపీఐ యాప్ మీకు ఓటీపీ పంపి ఊరుకోదు. మీ ఫోన్ నుంచే ఒక సంకేతం రాసిన ఎస్ఎంఎస్‌ను తన సర్వర్ నంబరుకు పంపిస్తుంది. ఓటీపీ అయితే ఫోన్లో ఎవరికైనా చదివి వినిపించొచ్చు. ఫోన్ నుంచి బయల్దేరిన ఎస్ఎంఎస్ అలా కాదు. అది ఏ నంబరు నుంచి వచ్చిందో చెప్పేది యాప్ కాదు, నెట్‌వర్క్. కాబట్టి ఆ సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందని సర్వర్‌కు రూఢి అవుతుంది. అలా నంబరునూ ఫోన్‌నూ ముడివేయడాన్నే డివైస్ బైండింగ్ అంటారు. మీరు సిమ్ మార్చగానే ఆ ముడి విడిపోయింది, యాప్ లాగౌట్ అయింది. అది చేయవలసిన పనే అది.

మీ కళ్ళతో చూసుకోవాలంటే మెసేజెస్ యాప్ తెరవండి. మీరు ఎప్పుడూ చూడని పది అంకెల నంబరు పేరిట ఒక సంభాషణ ఉంటుంది, లోపల అర్థంపర్థం లేని అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి ముక్క. దాని కింద ఎర్ర గుర్తో, ‘పంపలేదు’ అనో ఉంటే విషయం తేలిపోయినట్టే. నాలుగుసార్లు ప్రయత్నించారు కాబట్టి నాలుగు ఉండాలి.

సాయంత్రం 5 దాటేవరకు మళ్ళీ నొక్కకండి. వరుసగా విఫలమైతే యాప్ తన వంతుగా ఇంకో 24 గంటలు తాళం వేయొచ్చు, అప్పుడు మీ నిరీక్షణ రెండింతలవుతుంది.

640 గురించి. యూపీఐ లైట్ నిల్వ ఆ ఫోన్‌లోని ఆ యాప్‌కు కట్టుబడి ఉంటుంది. ఫోన్ మార్చేముందు గానీ యాప్ తీసేముందు గానీ లైట్‌ను ఆఫ్ చేస్తే మిగిలిన సొమ్ము ఖాతాలోకి వెళ్ళిపోతుంది. అలా చేయకుండా యాప్ తీసేస్తే డబ్బు పోదు, బ్యాంకు పుస్తకాల్లో ఉంటుంది, కానీ దాన్ని రప్పించుకోవడానికి ఫిర్యాదులు పెట్టుకోవాలి. మీరిప్పుడు లాగౌట్ అయి ఉన్నారు, లైట్ ఆఫ్ చేసే తెరదాకా వెళ్ళలేరు. తీసేయొద్దు అనడానికి ఇది రెండో కారణం.

1,850 సంగతి విడిగా రాస్తాను.

---

సిమ్_ట్రే (ఉదయం 10:25)

పైన చెప్పింది సరైనదే. 5 దాటాక ఏ వరుసలో చేయాలో రాస్తున్నాను, ఎక్కువమంది అక్కడే తప్పు చేస్తారు.

ముందు యాప్ ముట్టుకోకండి. ఒకటో సిమ్ నుంచి ఇంట్లో ఇంకో నంబరుకు మామూలు ఎస్ఎంఎస్ ఒకటి పంపండి, అది చేరిందో లేదో ఆ ఫోన్‌లో చూడండి. ఇక్కడొక మోసం ఉంది. గూగుల్ మెసేజెస్‌లో ఆర్‌సీఎస్ చాట్ ఆన్‌లో ఉంటే మీ మెసేజ్ నెట్ మీదుగా వెళ్ళిపోతుంది, చేరుతుంది కూడా. మీరు ఎస్ఎంఎస్ పనిచేస్తోందనుకుంటారు, నిజానికి అది ఎస్ఎంఎస్సే కాదు. రాసే పెట్టెలో ‘ఆర్‌సీఎస్’ అని కనిపిస్తే సెట్టింగ్స్‌లో ఆపి పంపండి. ఇంకా తేలిక, బటన్ల ఫోన్ వాడేవాళ్ళకు పంపండి. అలాగే వాళ్ళ నుంచి మీకు ఒకటి పంపించుకోండి. పోవడం, రావడం రెండూ కావాలి: బైండింగ్‌కు పోవాలి, తర్వాత పిన్ పెట్టుకోవాల్సి వస్తే ఓటీపీ రావాలి.

24 గంటలు దాటినా ఎస్ఎంఎస్ పోకపోతే రెండు కారణాలు చూడండి. ఒకటి ప్యాక్. డేటా వోచర్లకు, చిన్న చిన్న రీచార్జులకు చాలావాటిలో ఎస్ఎంఎస్‌లు ఉండవు. మెయిన్ బ్యాలెన్స్ కూడా సున్నా అయితే ఎస్ఎంఎస్ గడప దాటదు. ఈ ధ్రువీకరణ ఎస్ఎంఎస్ ఉచితం కాదు, మామూలు రేటు పడుతుంది. ఐదో పదో టాప్‌అప్ వేసుకుంటే చాలు. రెండోది నెట్‌వర్క్ వైపు ఎస్ఎంఎస్ ఇంకా తెరుచుకోకపోవడం. టెలికాం కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ‘సిమ్ మార్చి 24 గంటలు దాటింది, అవుట్‌గోయింగ్ ఎస్ఎంఎస్ పోవడం లేదు’ అని ఫిర్యాదు నమోదు చేయించండి, వాళ్ళిచ్చే ఫిర్యాదు (డాకెట్) నంబరు రాసుకోండి. ‘యూపీఐ పనిచేయట్లేదు’ అని చెబితే బ్యాంకును అడగమంటారు. ఎస్ఎంఎస్ అన్న మాటే చెప్పండి.

ఎస్ఎంఎస్ పోతోందని తేలాక:

రెండో సిమ్‌ను కాసేపు బయటికి తీయండి, లేదా సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయండి. యాప్‌లో సిమ్1 అని ఎంచుకున్నా కొన్ని ఫోన్లలో ఎస్ఎంఎస్ డిఫాల్ట్ సిమ్ నుంచే వెళ్తుంది. అప్పుడు సర్వర్‌కు వేరే నంబరు కనిపిస్తుంది, ‘మీరిచ్చిన నంబరుతో సరిపోలలేదు’ అంటుంది. ఒక్క సిమ్మే ఉంటే ఆ గొడవే రాదు.

వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఉండండి. వీపీఎన్ ఉంటే ఆపండి.

యాప్ గుర్తు మీద నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫోలోకి వెళ్ళి, అనుమతుల్లో ఎస్ఎంఎస్, ఫోన్ రెండూ ఇచ్చారో లేదో చూడండి. షావోమీ లాంటి కొన్ని ఫోన్లలో ‘ఎస్ఎంఎస్ పంపడం’ అని విడిగా ఇంకో అనుమతి ఉంటుంది, అది ‘అడుగు’ అని ఉంటే ‘అనుమతించు’కు మార్చండి. అక్కడే ఫోర్స్ స్టాప్ నొక్కి, స్టోరేజ్‌లో క్యాష్ (cache, అంటే తాత్కాలిక ఫైళ్ళు) మాత్రం తుడవండి. దాని పక్కనే ఉండే ‘డేటా తుడువు’ జోలికి వెళ్ళొద్దు, అది యాప్ తీసేయడంతో సమానం.

తర్వాత యాప్ తెరిచి నంబరు కొట్టి, ‘ఎస్ఎంఎస్ పంపుతున్నాం’ అన్న తెర మీదే ఉండండి. వేరే యాప్‌లోకి పోయినా, తెర ఆరిపోయినా మధ్యలో తెగిపోవచ్చు. 30 సెకన్ల నుంచి నిమిషంలో అయిపోవాలి.

డ్యుయల్ యాప్స్, సెకండ్ స్పేస్, సెక్యూర్ ఫోల్డర్ లాంటి వాటిలో వేసిన యాప్ కాపీతో ఇది చేయకండి. అసలు యాప్‌తోనే చేయండి.

---

కౌంటర్_నాలుగు (ఉదయం 10:58)

ఇప్పుడు 1,850.

యాప్ ఆగిపోవడానికీ ఈ డబ్బుకీ సంబంధం లేదు, రెండూ ఒకే రోజు పడ్డాయంతే. యాప్ బాగయ్యేదాకా ఆగక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనో పాస్‌బుక్‌లోనో ఆ కోత పక్కన 12 అంకెల రెఫరెన్స్ నంబరు ఉంటుంది. ఎవరితో మాట్లాడినా ఆ నంబరే మీ ఆధారం.

2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు విఫలమైన లావాదేవీలకు గడువులు పెట్టింది. మనిషి నుంచి మనిషికి పంపినప్పుడు మీ ఖాతాలో కోతపడి అవతలి ఖాతాకు చేరకపోతే, లావాదేవీ మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినప్పుడు, అంటే మీ విషయంలో, దుకాణానికి ధ్రువీకరణ అందకపోతే 5 రోజుల్లో వెనక్కి రావాలి. రోజులంటే క్యాలెండర్ రోజులే, సెలవులు తీసేయరు. మీది మంగళవారం కాబట్టి గడువు ఆదివారం. అది దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. మీరు అడగకపోయినా దానంతట అదే ఖాతాలో వేయాలని ఆ ఉత్తర్వులోనే ఉంది. చాలామందికి ఇది తెలియదు, అడగరు, అందుకే రాస్తున్నాను.

ఒక జాగ్రత్త. దుకాణంవాళ్ళు అందలేదంటున్నారని ఇంకోసారి కట్టేముందు వాళ్ళ సెటిల్‌మెంట్ జాబితా చూపించమనండి. డబ్బు అందిందని చెప్పే దుకాణం స్పీకర్ పలకనంత మాత్రాన డబ్బు చేరలేదని కాదు. స్పీకర్‌కూ ఒక సిమ్ ఉంటుంది, దాని సిగ్నల్ పోయినా అది మూగబోతుంది.

ఆదివారం దాకా రాకపోతే సోమవారం ముందు యాప్‌లోనే ఆ లావాదేవీ మీద ఫిర్యాదు పెట్టండి, లాగిన్ కాలేకపోతే బ్యాంకులో రాతపూర్వకంగా ఇవ్వండి. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ సైటులో యూపీఐ ఫిర్యాదుల పేజీ కూడా ఉంది. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, చెప్పిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో రాయొచ్చు. రుసుము లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెబుతారు.

కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. ఇది మాత్రం ప్రాధేయపడి చెబుతున్నాను. ‘డబ్బు ఇరుక్కుపోయింది’ అని వెతికేవాళ్ళ కోసమే దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉన్నారు. యాప్‌లోని సహాయం పేజీ, డెబిట్ కార్డు వెనక అచ్చువేసిన నంబరు, ఈ రెండే వాడండి. రీఫండ్ రావడానికి పిన్ కొట్టమంటే అది మోసమే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున కొట్టేస్తే నిమిషం వృథా చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

---

పెన్నా_తీరం (ఉదయం 11:30)

ఇదే చోట అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది వేరే రకం. సిమ్ ఏమీ మార్చలేదు. మూడు రోజులుగా బ్యాంకు యాప్ తెరిస్తే తెల్ల తెర వచ్చి రెండు సెకన్లలో మూసుకుపోతోంది. యూపీఐ యాప్ తెరుచుకుంటోంది గానీ ‘సర్వర్‌తో అనుసంధానం కుదరలేదు’ అంటోంది. ఫోన్ ఆండ్రాయిడ్ 12, మిగతా యాప్‌లన్నీ బాగున్నాయి. యాప్‌ను ఒకసారి తీసి వేశాను, మార్పు లేదు. బ్యాంకు సర్వర్లే డౌన్ అయ్యాయా?

---

సిమ్_ట్రే (మధ్యాహ్నం 12:05)

పెన్నా_తీరం గారూ, సర్వర్ డౌన్ అయితే యాప్ తెరుచుకుని లోపలికి వెళ్ళాక లోపం చూపిస్తుంది. తెల్ల తెర వేసి మూసుకోదు. పైగా మూడు రోజులు డౌన్ అయితే పేపర్లో వచ్చేది. 2025 ఏప్రిల్ 12న యూపీఐ దేశమంతా గంటల తరబడి మొరాయించింది, ఆ రోజు మీ పక్కవాడిదీ ఆగింది, మీ వీధిలో అందరిదీ ఆగింది. అదే బ్యాంకు ఖాతా ఉన్న ఇంకొకరి ఫోన్‌లో పనిచేస్తుంటే తప్పు మీ ఫోన్‌లోనే వెతకాలి.

(ఆ ఏప్రిల్ గొడవకు కారణం కూడా చెప్పుకోదగ్గది. ఆగిపోయిన లావాదేవీల స్థితి ఏమిటని కొన్ని బ్యాంకుల వైపు నుంచి అడిగిందే అడుగుతూ వెల్లువగా వచ్చిన అభ్యర్థనలు వ్యవస్థను ముంచాయి. ఆ తర్వాతే 2025 ఆగస్టు నుంచి హద్దులు పెట్టారు: ఒక లావాదేవీ స్థితి మూడుసార్లే, మధ్యలో 90 సెకన్ల ఎడంతో. నిల్వ చూడడం ఒక యాప్‌లో రోజుకు 50 సార్లు. కాబట్టి మున్నేటి_ఒడ్డు గారు ‘ప్రాసెసింగ్’ మీద పదేపదే నొక్కినా ఫలితం ఉండదు.)

రెండు యాప్‌లు ఒకేసారి చెడ్డాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడింది. ఈ వరుసలో చూడండి, ఒక్కొక్కటి మార్చాక యాప్ తెరిచి చూసి తర్వాతదానికి వెళ్ళండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు.

తేదీ, సమయం. సెట్టింగ్స్‌లో ‘ఆటోమేటిక్’ ఆన్‌లో ఉండాలి. ఫోన్ గడియారం తప్పుగా ఉంటే బ్యాంకు సర్వర్ ఇచ్చే సర్టిఫికెట్ గడువు ముగిసిందనో, ఇంకా మొదలవలేదనో ఫోన్ అనుకుని తలుపు మూసేస్తుంది. వీడియోలు చూసే యాప్‌లు కాస్త తేడాను ఓర్చుకుంటాయి, బ్యాంకు యాప్‌లు ఓర్చుకోవు.

ప్రైవేట్ డీఎన్ఎస్. సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే సర్వర్ ఏదో చెప్పే సెట్టింగ్ ఇది, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలో ఉంటుంది. ప్రకటనలు రాకుండా ఎవరో ఒక అడ్రసు పెట్టి ఉంటారు. అది ప్రకటనల సర్వర్లతోపాటు బ్యాంకు యాప్ లోపల పిలిచే భద్రతా సర్వర్లనూ అడ్డుకుంటుంది. ‘ఆటోమేటిక్’ అనో ‘ఆఫ్’ అనో పెట్టండి. మీరు చెప్పిన ‘అనుసంధానం కుదరలేదు’ అన్న లక్షణానికి నా మొదటి అనుమానం దీని మీదే.

వెబ్‌వ్యూ. ప్లే స్టోరులో ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ అని వెతకండి, క్రోమ్ కూడా చూడండి, రెండింటికీ అప్‌డేట్ ఉంటే వేయండి. చాలా బ్యాంకు యాప్‌లు తెరలను ఈ వెబ్‌వ్యూతోనే గీస్తాయి. అది చెడితే తెల్ల తెర, ఆపై మూత. 2021 మార్చి 22న ఒక చెడ్డ వెబ్‌వ్యూ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరవగానే పడిపోయాయి. జనం యాప్‌లు తీసి వేస్తూ కూర్చున్నారు, సరిచేసింది మాత్రం వెబ్‌వ్యూ కొత్త అప్‌డేట్.

డెవలపర్ ఆప్షన్స్. ఆన్‌లో ఉంటే మొత్తంగా ఆఫ్ చేయండి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు ఒక్క మాటా చెప్పకుండా మూసుకుంటాయి. అలాగే యాక్సెసిబిలిటీలో మీకు తెలియని సేవ ఏదైనా ఆన్‌లో ఉందా, ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి తెర పంచుకునే యాప్‌లు ఉన్నాయా చూడండి. యాక్సెసిబిలిటీలో పేరు తెలియనిది కనిపిస్తే, ముఖ్యంగా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (ప్లే స్టోరు బయట దొరికే యాప్ ఫైల్) ఏదైనా ఈమధ్య వేసి ఉంటే, యాప్ సంగతి తర్వాత. ముందు నెట్ ఆపండి, ఆ ఏపీకే తీసేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. పెళ్ళి పత్రికనీ, చలానా అనీ, కేవైసీ అనీ వచ్చే ఏపీకేలు చేసే పని అదే, తెర చదవడం, ఎస్ఎంఎస్‌లు చదవడం.

ఖాళీ స్థలం. 1 జీబీ కన్నా తక్కువ మిగిలి ఉంటే కొంత ఖాళీ చేయండి.

ప్లే ప్రొటెక్ట్ ధ్రువీకరణ. ప్లే స్టోరులో మీ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్, అబౌట్‌లోకి వెళితే అడుగున ‘ఈ పరికరం ధ్రువీకరించబడింది’ అని ఉండాలి. అలా లేకపోతే ఫోన్‌కు కంపెనీ వేసిన తాళాలు తీసేశారనో (రూట్ చేయడం, బూట్‌లోడర్ తెరవడం అంటే అవే), వేరే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ (కస్టమ్ రోమ్) ఎక్కించారనో అర్థం. రిపేరు కొట్టులో సాఫ్ట్‌వేర్ కొట్టించిన ఫోన్లలో ఇది ఎక్కువ. దానికి కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కించడమే దారి, కిటుకులతో దాటించినా వచ్చే నెల మళ్ళీ ఆగుతుంది.

---

దోహా_నుంచి (మధ్యాహ్నం 2:40)

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు ఈ పేజీకి వస్తే వాళ్ళ కోసం ఒక మాట. ఇండియా సిమ్‌తోనే యూపీఐ వాడేవాళ్ళకు ఇదే లోపం వస్తే కారణం రోమింగ్. ఇన్‌కమింగ్ ఎస్ఎంఎస్ వస్తుంది కాబట్టి ఓటీపీలు అందుతాయి, అవుట్‌గోయింగ్ మాత్రం రోమింగ్ ప్యాక్ లేకపోతే పోదు. బైండింగ్‌కు కావలసింది అవుట్‌గోయింగే. ఫోన్ మార్చాలనుకుంటే సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు మార్చి, అక్కడే బైండింగ్ చేసుకుని రండి.

ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాస భారతీయుల బ్యాంకు ఖాతాలు) ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి దారి ఉంది. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లతో యూపీఐ నమోదుకు అనుమతించింది: అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్, యూఏఈ, సౌదీ, కతర్, ఒమన్. తర్వాత మలేషియా, ఫ్రాన్స్ చేరాయి. కువైట్, బహ్రెయిన్ ఈ పన్నెండులో లేవు. అక్కడి నంబరే బ్యాంకులో నమోదై ఉండాలి, మీ బ్యాంకు, మీరు వాడే యాప్ రెండూ దీన్ని ఇస్తూ ఉండాలి.

ఐఫోన్ వాళ్ళకు: యాప్ తనంతట తాను ఎస్ఎంఎస్ పంపలేదు. రాసిపెట్టిన మెసేజ్ తెరుస్తుంది, పంపే బాణం మీరే నొక్కాలి. అందులో ఒక్క అక్షరం మార్చినా చెల్లదు. రెండు లైన్లుంటే పైన ఏ లైన్ నుంచి వెళ్తోందో చూసి నొక్కండి. నొక్కగానే మళ్ళీ యాప్‌లోకి వచ్చేయండి.

---

మున్నేటి_ఒడ్డు (సాయంత్రం 6:20)

మెసేజెస్‌లో చూస్తే కౌంటర్_నాలుగు గారు చెప్పినట్టే నాలుగు ముక్కలు, నాలుగింటికీ ఎర్ర గుర్తు. 5:15కి బటన్ల ఫోన్‌కు ఎస్ఎంఎస్ పంపితే వెళ్ళింది, అటు నుంచీ వచ్చింది. రెండో సిమ్ ఆఫ్ చేసి, డేటా మీద, క్యాష్ తుడిచి చేశాను. 40 సెకన్లలో ధ్రువీకరణ అయింది. ఖాతా దానంతట అదే కనిపించింది, పాత పిన్‌తోనే నిల్వ చూపించింది. లైట్‌లో 640 ఉన్నాయి.

ఇప్పుడు ఒక విత్తనాల బిల్లు 7,200 కడదామంటే ‘పరిమితి దాటింది’ అంటోంది. రోజుకు లక్ష కదా? మళ్ళీ ఏమైనా తప్పు చేశానా?

---

కౌంటర్_నాలుగు (సాయంత్రం 6:38)

తప్పేమీ లేదు. ఫోన్ గానీ సిమ్ గానీ మారి మళ్ళీ బైండింగ్ అయ్యాక మొదటి 24 గంటలు మొత్తం 5,000 రూపాయలే పంపనిస్తుంది. రేపు ఈ వేళ దాటాక మామూలు పరిమితి వస్తుంది. 7,200ను రెండు ముక్కలు చేసి కట్టాలని చూడకండి, హద్దు ఒక్కో చెల్లింపుకు కాదు, 24 గంటల మొత్తానికి. అంగట్లో కార్డు యంత్రం ఉంటే డెబిట్ కార్డు పెట్టి పిన్ కొట్టి కట్టేయండి, దానికి సిమ్‌తో పని లేదు.

పాత పిన్ పనిచేయడం సహజమే. యూపీఐ పిన్ ఖాతాకు చెందినది, యాప్‌కు కాదు. అందుకే బైండింగ్ చేశాక ఎవరైనా కంగారుగా ‘పిన్ మర్చిపోయాను’ నొక్కితే అనవసరంగా కార్డు చివరి ఆరు అంకెలు, గడువు నెల, ఓటీపీ అంటూ ఇంకో తతంగంలో పడతారు. మూడుసార్లు తప్పు పిన్ కొడితే మాత్రం బ్యాంకు సాధారణంగా ఒక రోజు ఆపేస్తుంది, జడ్6 అనే కోడ్ వస్తుంది. జడ్ఎం అని వస్తే పిన్ తప్పు, ఇంకా అవకాశం ఉంది, అక్కడే ఆగి గుర్తు తెచ్చుకోండి. జడ్9 అంటే ఖాతాలో డబ్బు చాలలేదు. యు30 ఒక్కటి చూసి ఏ నిర్ణయానికీ రాకండి, అది ‘కోత కుదరలేదు’ అన్న సాధారణ మాట, వెనక కారణం ఏదైనా కావచ్చు. యు28 అంటే బ్యాంకు సర్వర్ అందుబాటులో లేదు, అరగంట ఆగడం తప్ప మీరు చేసేదేమీ లేదు.

1,850 ఇంకా ‘ప్రాసెసింగ్’ అనే చూపిస్తోందా?

---

మున్నేటి_ఒడ్డు (సాయంత్రం 6:51)

అవును, అలాగే ఉంది. దుకాణం జాబితా చూశాం, అందులో లేదు. స్టేట్‌మెంట్ నుంచి 12 అంకెల నంబరు రాసి పెట్టుకున్నాను. ఆదివారం దాకా ఆగి సోమవారం ఫిర్యాదు పెడతాను.

---

కౌంటర్_నాలుగు (సాయంత్రం 6:57)

సోమవారం దాకా ఆగక్కర్లేదు. యాప్ తెరుచుకుంది కాబట్టి ఆ లావాదేవీ మీద నొక్కి ఈ రోజే ఫిర్యాదు పెట్టండి. గడువు మారదు గానీ తేదీతో సహా మీ పేరిట రికార్డు పడుతుంది. 100 రూపాయల లెక్క ఆదివారం దాటాక మొదలవుతుంది. డబ్బు వచ్చిన రోజు స్టేట్‌మెంట్‌లో రెండు జమలు వెతకండి, 1,850 ఒకటి, ఆలస్యమైతే పరిహారం ఒకటి. రెండోది పడకపోతే అదే ఫిర్యాదు నంబరు మీద అడగండి.

---

పెన్నా_తీరం (రాత్రి 8:15)

తేదీ సరిగ్గానే ఉంది. ప్రైవేట్ డీఎన్ఎస్‌లో ప్రకటనలు ఆపే అడ్రసు ఉంది. ఆఫ్ చేయగానే యూపీఐ యాప్ కలిసింది. బ్యాంకు యాప్ మాత్రం అప్పటికీ మూసుకుపోయింది. వెబ్‌వ్యూ, క్రోమ్ రెండూ అప్‌డేట్ చేసి ఫోన్ ఒకసారి ఆపి వేస్తే తెరుచుకుంది. అంటే కారణాలు రెండా?

---

సిమ్_ట్రే (రాత్రి 8:32)

రెండే. ఒక్కొక్కటిగా మార్చారు కాబట్టి తెలిసింది. ప్లే స్టోరులో ఆటో అప్‌డేట్ ఆఫ్‌లో ఉందేమో చూడండి, వెబ్‌వ్యూ పాతబడటానికి మామూలుగా అదే కారణం. ‘వైఫై మీద మాత్రమే’ అని ఉండి, ఇంట్లో వైఫై లేకపోయినా ఫలితం అదే. ప్రకటనలు ఆపాలనుకుంటే ఫోన్ మొత్తానికి డీఎన్ఎస్ మార్చకుండా బ్రౌజర్ వరకే ఆపుకోండి.